శాంతిదినములు (ఎల్ సాల్వడార్)

అంతర్యుద్ధము సాగుచుండఁగానే, శిశువులకు టీకాలు వేయుటకై ఉభయపక్షములును నియమితదినములందు ఆయుధములను విరమించు ఏర్పాటునకు శాంతిదినములని పేరు. మధ్య అమెరికాయందలి ఎల్ సాల్వడార్ దేశమున 1985వ సంవత్సరమందు ఐక్యరాజ్యసమితి బాలలనిధి (యూనిసెఫ్) ప్రోద్బలముచే ఆరంభమైన ఈ పద్ధతి, పిదప పెక్కు యుద్ధపీడిత దేశములలో బాలసంరక్షణకు మార్గదర్శక మయ్యెను.

పూర్వరంగము: సాగుభూమి కొలఁది కుటుంబముల హస్తగతమై యుండుటయు, ఎన్నికలయందు ప్రజలకు విశ్వాసము నశించుటయు, సంస్కరణములు కోరినవారిపై సైనికదౌర్జన్యము ప్రబలుటయు ఈ యంతర్యుద్ధమునకు మూలకారణములు. పేదల పక్షమున నిర్భయముగా పలికిన ఆర్చిబిషప్పు ఆస్కార్ రొమేరో 1980 మార్చి 24వ తేదీన ప్రార్థనావేదికకడనే హత్యకు గురియయ్యెను. ఆ యేఁటనే గెరిల్లాదళములు ఫరబుందో మార్తీ జాతీయ విముక్తి సంఘటనగా ఏకమయ్యెను. పండ్రెండేండ్లు సాగిన ఆ పోరాటమున మడిసినవారు సుమారు 75,000 మంది.

ఒడంబడిక: యుద్ధమున హతులగువారికంటె, సులభముగా నివారింపఁదగిన వ్యాధులచే మరణించు శిశువులే ఆ దేశమున అధికులని యూనిసెఫ్ అధినేత జేమ్స్ గ్రాంట్ వాదించి, టీకాల నిమిత్తము యుద్ధవిరామము పాటింపవలసినదిగా అధ్యక్షుఁడు హోసే నపోలియన్ దువార్తేను అర్థించెను. ప్రభుత్వముతో ముఖాముఖి కూర్చుండుటకు గెరిల్లాలకును, గెరిల్లాలను గుర్తించుటకు ప్రభుత్వమునకును సంకోచము మెండుగా నున్నందున, ఇరువురకును విశ్వాసపాత్రమైన కాథలిక్ చర్చి మధ్యవర్తిత్వము వహించెను. ఇట్లు 1985 ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 21 తేదీలు విరామదినములుగా నిర్ణయింపఁబడెను.

నిర్వహణము: కంఠసర్పి, ధనుర్వాతము, కోరింతదగ్గు, పోలియో వ్యాధులకు టీకా ఒక్కమాఱు వేసినఁ జాలదు, కొన్ని వారముల యెడముతో మూఁడు మాఱులు వేయవలయును. కావుననే విరామమును మూఁడు మాఱులు సాధింపవలసి వచ్చెను. పోలియో, తట్టు టీకాలు వేఁడిమి సోకినచో నిర్వీర్యములగును గనుక వానిని మంచుపెట్టెలలో భద్రపఱచి, పోరు జరుగు ప్రాంతములను దాఁటించి గ్రామములకుఁ జేర్పవలయును. గెరిల్లాల అధీనమందలి ప్రాంతములలో ఈ కార్యమును రెడ్‌క్రాసు, చర్చి కార్యకర్తలు నిర్వహించిరి. మతగురువులు ప్రార్థనాసభలలో తల్లులకు ఈ సంగతి నెఱిఁగించి, బిడ్డలను గొనివచ్చునట్లు ప్రోత్సహించిరి.

ఫలితములు: తొలియేఁట సుమారు 2,50,000 మంది శిశువులకు టీకాలు పడెను. విరామము ముగియఁగనే యుద్ధము యథాపూర్వముగా సాగినను, ఏటేటను ఈ దినములు పాటింపఁబడుచునే వచ్చెను. 1992 జనవరి 16న మెక్సికోలోని చపుల్తెపెక్ కోటయందు సంధి కుదురువఱకును ఈ యాచారము నిలిచెను. 1987లో లెబనానునందును ఇట్టి ప్రయత్నమే జరిగెను. 1989లో సూడానునందు ఆహారౌషధముల రవాణాకై ఇరుపక్షముల సమ్మతిపై మార్గములు తెఱవఁబడెను. పిదప ఆఫ్ఘనిస్తానమున పోలియో చుక్కల నిమిత్తము ఇట్టి విరామములే పాటింపఁబడెను.

శాంతిదినములు యుద్ధకారణములను తొలగింపలేదు. తొలగించుట వాని యుద్దేశమును గాదు. ఏ యొక్క పక్షమునకును చెందక, బిడ్డ ఏ సీమయందు జన్మించెనని విచారింపక చేసిన సహాయమైనందుననే అవి సఫలములయ్యెను. పండ్రెండేండ్ల పోరు ముగియువఱకును ఏడాదిబిడ్డ వేచియుండఁజాలదు గావున, సంధికై నిరీక్షింపక సంగ్రామమధ్యమందే శిశురక్షణకు పూనుకొనుట ప్రభుత్వములకును, తిరుగుబాటుదారులకును సమానమైన ధర్మము.