చమురు అయిపోయాక ఆ బావి ఎవరిది?

‘దేర్ విల్ బి బ్లడ్’ సినిమా చూశారా? దానికి ఆధారం అప్టన్ సింక్లెయిర్ 1927 నాటి నవల ‘ఆయిల్!’. 1921లో కాలిఫోర్నియాలోని సిగ్నల్ హిల్‌లో చమురు పడింది. అక్కడ సింక్లెయిర్ భార్యకి ప్లాట్లున్నాయి. లీజు కోసం ఇరుగుపొరుగు వాదులాడుకున్న మీటింగులకి ఆయన స్వయంగా వెళ్లాడు. నవల మొదట్లో ఆ గొడవే కనిపిస్తుంది.

చాలామంది దీన్ని డబ్బు పిచ్చి కథ అంటారు. నాకైతే ‘నేల కింద ఉన్నది ఎవరిది?’ అనే ప్రశ్నే అసలు కథ. చమురు అయిపోయాక ఆ ప్రశ్న తిరగబడింది: మిగిలిన బావి ఎవరిది? కంపెనీ మూతపడి, బావిని సరిగ్గా మూయకపోతే మీథేన్ లీకవ్వొచ్చు.

ఇప్పుడు ఆ బావికి ఇంకో పని దొరికింది. లోతుకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి సుమారు 25–30 డిగ్రీల వేడి పెరుగుతుంది. పైపులో నీళ్లు దింపి, వేడెక్కాక పైకి తెస్తే బిల్డింగులు వెచ్చబడతాయి. ఓక్లహోమాలోని టటిల్‌లో స్కూళ్లకి ఇలా హీటింగ్ ఇచ్చే ప్రాజెక్టుకి 2022లో అమెరికా ఇంధన శాఖ నిధులిచ్చింది.

కొత్తగా తవ్వే ఖర్చు తప్పుతుంది, నిజమే. కానీ వేడి తీసుకునేవాళ్లు లీకు బాధ్యత కూడా తీసుకుంటారా? అగ్రిమెంటులో అది రాయకపోతే సింక్లెయిర్ కథ మళ్లీ మొదటికే. మీరైతే ఆ లీజు మీద సంతకం పెడతారా? ఆలోచించండి.