మందు కూరే తుపాకి

మా తాత వడ్రంగి. గిద్దలూరు వైపు రైతులు పంట కాపలా తుపాకి చెక్క చీలితే ఆయన దగ్గరికే వచ్చేవారు. లైసెన్సు కాగితం చూడనిదే ఉలి పట్టేవాడు కాదు. గొట్టం, మీట జోలికి అసలే పోయేవాడు కాదు. తుపాకి పూర్తిగా తయారుచేయాలన్న సరదా కుర్రాళ్లకు అప్పుడూ ఉండేది; చట్టం మాత్రం ఒప్పుకోదు.

తాత జాగ్రత్త వెనక పెద్ద కథే ఉంది. 1800లో నిజాం మా సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, కలెక్టరు మన్రో పాళెగాళ్ల బలాన్ని అణిచాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, గిద్దలూరు దాపున కంపెనీ సైన్యంతో తలపడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీశారు. 1878 ఆయుధాల చట్టంతో ఆయుధానికి లైసెన్సు తప్పనిసరైంది. జనాన్ని నిరాయుధుల్ని చేసిన చట్టమది, నాకు దాని మీద కోపమే.

1959 ఆయుధాల చట్టం రైతును మరువలేదు. పంట కాపాడుకోడానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని 13వ సెక్షన్‌లో రాశారు. అనుమతి లేకుండా తయారీ, మరమ్మతు మాత్రం నేరమే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక నల్లమల అడవిలో వేటకూ దారి మూసుకుంది. నాటి లైసెన్సు పుస్తకాలు ఇళ్లలో ఇంకా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే ఎవరైనా సేకరించాలి.