బంగారు మందు కోళ్ళ మేతలో కలిసిన కథ

తెలుగువాళ్ళం నలుగురం కలిసిన చోట యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన రాకుండా ఉండదు. 1895లో భీమవరంలో పుట్టి, సోదరుణ్ణి సంగ్రహణి వ్యాధికి పోగొట్టుకుని, అమెరికా వచ్చి వైద్య పరిశోధనకే జీవితాన్ని ధారపోసిన మహనీయుడాయన. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థ పరిశోధనలకు ఆయన సారథిగా ఉన్న రోజుల్లోనే, 1945లో, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును రాబట్టారు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇంతవరకు మనలో చాలామందికి తెలిసిన కథే. తర్వాతి అధ్యాయం అంతగా తెలియదు.

ఆ సంవత్సరం చివర్లో అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు కోడిపిల్లల మేతకు చవకగా బి12 విటమిన్ దొరికే దారి వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపి చూశారు. విటమిన్ వల్ల పెరగవలసిన దానికంటే పిల్లలు ఎక్కువ పెరిగాయి. కారణం పిప్పిలో మిగిలిపోయిన మందే! 1950లో ఈ సంగతి ప్రకటించారు. 1951లో మేతలో కలపడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. జబ్బు లేని కోళ్ళకు, బరువు కోసం, రోజూ చిటికెడు మందు.

చిటికెడే కదా అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. కోడి పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయి. మందు రోజూ కాస్త కాస్తగా తగులుతుంటే తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకునే జన్యువు ఉన్నవి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోసినట్టు, కణంలోకి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను బయటికి తోడిపోసే జన్యువులు వీటిలో ఉన్నాయి.

అంతటితో ఆగలేదు. రక్త విరేచనాలు కలిగించే బాక్టీరియాను, మందులకు లొంగని ఈ.కోలైని కలిపి పెంచితే ఆ మొండితనం ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటుతుందని 1959లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయం మీద ఈ జన్యువులు ప్రయాణిస్తాయి. మనుషులు ఆస్తిని పిల్లలకే ఇస్తారు. బాక్టీరియా ఇరుగుపొరుగుకూ పంచిపెడతాయి.

1976లో స్టువర్ట్ లెవీ అనే వైద్యుడు బోస్టన్ దగ్గర ఒక పొలంలో చేసిన పరిశీలనను ప్రచురించారు. మందు కలిపిన మేత తిన్న కోళ్ళ పేగుల్లో వారంలోనే దాదాపు అన్నీ మొండి బాక్టీరియాయే అయ్యాయి. మేతలో లేని మందులకూ అవి లొంగడం మానేశాయి. అయిదారు నెలల్లో ఆ పొలంలో ఉండే మనుషుల్లోనూ అవి పెరిగాయి. పొరుగిళ్ళ వాళ్ళలో అలా పెరగలేదు.

లోకం మేలుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. బరువు కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా ఆపింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆ పని చేసింది. ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను కూడా ఓడించే ప్లాస్మిడ్ జన్యువు 2015లో చైనాలో బయటపడింది. 2019లో భారత ప్రభుత్వం కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

భీమవరానికి దగ్గరలోని తణుకు ప్రాంతం కోళ్ళ పెంపకానికి పెట్టింది పేరు. అక్కడి రైతు మీద నెపమంతా వేయడం న్యాయం కాదు. ఈ అలవాటు పుట్టింది మనం బతుకుతున్న ఈ దేశంలోనే. ఇక్కడ ప్లేనోలో మాంసం కొనేటప్పుడు యాంటీబయాటిక్స్ లేకుండా పెంచినదేనా అని ప్యాకెట్ మీద చూసుకోవచ్చు. మాంసం బాగా ఉడికించండి, పచ్చి మాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోండి. జలుబుకు యాంటీబయాటిక్ ఇమ్మని డాక్టర్ని ఒత్తిడి చేయకండి. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలు సొంతంగా మింగకండి.

సుబ్బారావు గారి పటానికి దండ వేయడం మన ధర్మం. ఆయన తరం కష్టపడి సంపాదించి పెట్టిన మందులు మన మనవల నాటికి కూడా పనిచేసేలా చూడడం అంతకంటే పెద్ద ధర్మం.