ఇసుకలో అక్షరం – ఇంటిలో మాట

కొంతకాలం క్రిందట ఒక ఆదివారం సండే స్కూలులో ఎనిమిదేండ్ల పాప తన కంఠత వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. మేము సంతోషించి, "దీనికి అర్థమేమిటమ్మా?" అని అడిగితే, ఆ బిడ్డ చేతులు కట్టుకొని వాక్యాన్ని మళ్ళీ మొదటి నుండి అప్పజెప్పింది. తోటి పిల్లలు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. బళ్ళారి కలెక్టరు 1823లో వ్రాసి పంపిన ఒక నివేదిక జ్ఞాపకానికి వచ్చింది. బిడ్డల నోటి మాటకు, చేతి వ్రాతకు మన దేశంలో ఎంత దూరముండేదో తెలిపే ఆ సంగతిని ఈ శతాబ్ది సంచికలో సంఘస్థులతో పంచుకొనగోరుచున్నాము.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోగారు ప్రతి కలెక్టరును తన జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏ పుస్తకాలు చదువుచున్నారు అని అడిగారు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కేంప్‌బెల్ దొరగారు 1823 ఆగస్టు 17న జవాబు వ్రాశారు. ఆయన అప్పటికే, 1816లో, తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు గనుక భాష ఎరిగి వ్రాశాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. 9,27,857 మంది జనాభాకు 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు. చదివే పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది మాత్రమే! మన సంఘాల పెద్దలలో చాలమంది పూర్వికులైతే ఆ వీధి బడి అరుగు ఎక్కనే లేదు. అది వేరే కథ, దుఃఖకరమైన కథ.

ఐదేండ్ల బిడ్డ బడిలో చేరిన తరువాత ఏమి జరిగేదో కేంప్‌బెల్‌గారు చక్కగా చెప్పారు. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చేవానికి ఒక్కొక్కటి ఎక్కువ. (ఆలస్యంగా ఆరాధనకు వచ్చేవారు భయపడనక్కరలేదు. మేము ఈ పద్ధతిని ప్రవేశపెట్టబోవటం లేదు.) ఐరోపా పిల్లలవలె ముందుగా అక్షరాలను పలుకుతూ నేర్చుకొనక, నేలమీద ఇసుకలో వ్రేలితో వ్రాస్తూ నేర్చుకొనేవారు. చేయి తిరిగిన తరువాత తాటాకుమీద గంటంతోనో, కాగితంమీదనో, నల్లని గుడ్డ కడితంమీదనో వ్రాసేవారు. పై తరగతి పిల్లలు క్రింది పిల్లలకు నేర్పేవారు. ఖర్చు లేని ఈ పద్ధతిని ఇంగ్లండులో అనుసరించటం తగినదేనని ఆయన మెచ్చుకున్నారు.

అవును, అప్పటికే అది ఇంగ్లండు చేరింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని 1789 నుండి చూచిన పాదిరి ఆండ్రూ బెల్‌గారు, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయటం చూచి తన ఆశ్రమంలో పెట్టబోయారు. క్రింది ఉపాధ్యాయుడు ఒప్పుకొనలేదు. అప్పుడు ఎనిమిదేండ్ల పిల్లవానికే ఆ తరగతి అప్పగించారు, అది సాగింది. 1797లో లండనులో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకం వలన "మద్రాసు పద్ధతి" అక్కడి పేద పిల్లల బడులకు ప్రాకింది. మన అరుగులమీది ఇసుక గొప్పతనం అంతటిది.

అయితే కేంప్‌బెల్‌గారి నివేదికలో మమ్ములను కలతపెట్టిన భాగం ఇది కాదు. పిల్లలు చదివే పుస్తకాలన్నీ పద్యాలే. ఆ పద్యాల భాష వేరు, వారు మాట్లాడే భాష వేరు. పిల్లలు అక్షరాల ఉచ్చారణమీదనే మనస్సు పెట్టేవారు గాని అర్థంమీద కాదు. అయ్యవార్లలోనే అర్థం చెప్పగలవారు కొద్దిమంది. లెక్కలేనన్ని పద్యాలు అప్పజెప్పే బిడ్డకు వాటి భావం, పలుకులు నేర్చిన చిలుకకు తెలిసినంతే తెలుసునని ఆయన అభిప్రాయం.

ఇది చిన్న లోపం కాదు. ఐదేండ్ల బిడ్డ బడికి ఖాళీ నోటితో రాడు. ఏడాది నిండేసరికి ఒకటి రెండు మాటలు, రెండేండ్లకు రెండేసి మాటలు కలపటం, ఆ తరువాత ఎవరూ వ్యాకరణం చెప్పకుండానే "వచ్చాడు", "వచ్చింది", "వచ్చారు" అని తేడా తెలిసి పలకటం. బువ్వ, లాల, బజ్జో అంటూ తల్లి ఒడిలో మొదలైన మాట బడి ఈడుకు నిండు భాష అవుతుంది. వ్రాత అలా రాదు. దానిని ఒకరు నేర్పాలి. గుణింతం, వత్తు దిద్దించాలి. నేర్పేవారు బిడ్డ తెచ్చుకున్న మాటమీద అక్షరాన్ని నిలబెట్టక, ఎరుగని మాటమీద నిలబెడితే, చేతికి వ్రాత వస్తుంది, నోటికి పద్యం వస్తుంది, రెండూ కలియవు.

దీనిని గట్టిగా పట్టుకున్నవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ కొండలలోని సవరల భాష నేర్చుకున్నారు. తమ సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, సవర భాషలోనే వాచకాలు వ్రాశారు. అక్షరమే ఎరుగని భాషను తెలుగు లిపిలో పెట్టి ఆ బిడ్డల ముందుంచారు. తరువాతనే తెలుగు బిడ్డల సంగతి పట్టించుకున్నారు. సవర బిడ్డకు సవర మాటలో చదువు చెప్పవచ్చునంటే, తెలుగు బిడ్డకు వాడు మాట్లాడే తెలుగులో ఎందుకు చెప్పరాదు? జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు గ్రాంథికం పక్షాన ఎదిరించారు. వారిది కూడ భాషాభిమానమే, కాదనము. కాని బల్లమీద కూర్చున్న పిల్లవాని వైపునుండి చూచినవారు గిడుగువారు. 1919లో "తెలుగు" అనే పత్రికను కూడ నడిపారు. ఈనాడు పాఠ్యపుస్తకాలు వాడుక భాషలో ఉన్నవంటే ఆయన పోరాటం చలవే.

కాని చిలుక ఎగిరిపోలేదు. ఇంగ్లీషు మీడియం బిడ్డ ఇంటిలో తెలుగు మాట్లాడి, బడిలో అర్థం తెలియని ఇంగ్లీషు పాటను చేతులూపుతూ పాడుతుంటే తల్లిదండ్రులు మురిసిపోవుచున్నారు. మేమును తప్పించుకొనలేము. ఇంటిలో బిడ్డలతో మాట్లాడే తెలుగు ఒకటి, ప్రసంగపీఠం ఎక్కగానే మా నోట వచ్చే తెలుగు మరొకటి. ఈ వ్యాసంలోనే ఎన్నిచోట్ల అది దొర్లిందో చదువరులు గమనించే ఉంటారు.

మరుసటి ఆదివారం ఆ పాపను వాక్యం అడుగలేదు. తప్పిపోయిన గొర్రె కథను నీ మాటలలో చెప్పమ్మా అన్నాము. కాసేపు బిగుసుకొని, తరువాత చెప్పింది. మధ్యలో ఆగి, "అయ్యగారూ, గొర్రెపిల్ల కనబడకపోతే దాని అమ్మ ఏడవలేదా?" అని మమ్ములనే అడిగింది. చెప్పినదంతా నోటుపుస్తకంలో వ్రాయమన్నాము. ఒక పుట నిండా వ్రాసింది. గొర్రెకు వత్తు ఎక్కడా పెట్టలేదు. దాని ప్రక్కన సరిగా వ్రాసి చూపి, పుస్తకం తిరిగి ఇచ్చాము.