కొల్లేటి సీమలో బీదల యింటికప్పు

అన్నవస్త్రముల పిమ్మట మనుష్యునకు కావలసినది ఇల్లని పెద్దలు చెప్పుదురు. కాని ఇల్లనగా నాలుగు గోడలును ఒక కప్పును మాత్రమేనా? ఎండనుండియు, వాననుండియు, చలినుండియు లోపలివారిని కాపాడినప్పుడే అది ఇల్లగును. కాపాడజాలనిది ఎంత గట్టిదైనను గోడలగూడు మాత్రమే. ఈ భేదమును ప్రభుత్వము లెంతవరకు గుర్తించినవి, గుర్తించి బీదవాని కెట్టి సాయము చేసినవి యను విషయమును, కైకలూరు మొదలైన కొల్లేటి ప్రాంతమును ఆధారముగా గొని, ఈ వ్యాసమునందు విచారింపదలచితిమి.

ఈ ప్రశ్న శీతలదేశములయందు ముందుగా పుట్టినది. 1973వ సంవత్సరమున చమురుధర లొక్కసారిగా హెచ్చినప్పుడు, ఇంటిని వెచ్చగా నుంచుకొనుటకు బీదలు పడు పాట్లు అమెరికా, ఇంగ్లండు ప్రభుత్వముల కంటబడెను. అమెరికాలో 1976లో చేయబడిన శాసనమువలన, అల్పాదాయముగలవారి యిండ్ల సందులు పూడ్చుటకును, గోడలలోను కప్పుక్రిందను వేడిమిని దాటనీయని పొరలు వేయించుటకును ప్రభుత్వ ధనము వినియోగమయ్యెను. ఇంగ్లండులో 1978 నాటి శాసనము అటకలలో నట్టి పొరలు పరచుకొనువారికి స్థానికసంస్థల ద్వారా గ్రాంటు లిచ్చుట కవకాశము కల్పించెను. 1991లో బ్రెండా బోర్డ్‌మన్ అను విదుషి ఇంధనదారిద్ర్యమును గూర్చి ఒక గ్రంథమునే ప్రకటించెను. బీదవాడు తన యింట వణకుటకు ఆదాయలోపమును, ఇంధనపు ధరలును మాత్రమే కాక, అతని యిల్లే వేడిని నిలుపలేని చెడ్డయిల్లగుటయు ముఖ్యకారణమని ఆమె వాదము. ఏటేట కట్టెలకు డబ్బిచ్చుటకంటె ఒకసారి ఇంటిని బాగుచేయుట మేలని దీనివలన తేలుచున్నది.

కొల్లేటి సీమకు దీనితో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. మనయింట చలిమంట యనగా ధనుర్మాసపు వేకువను వాకిట వేసికొను నెగడు. గదిలో నిప్పనగా బాలింతరాలి మంచము క్రింది కుంపటి. ఇంతకుమించి ఇల్లు కాచుకొనవలసిన యక్కర మనకు లేదు. మనకు శత్రువు చలి గాదు, వేడి. ఐనను సూత్ర మొక్కటియే. చలిదేశమున లోపలి వేడిని బయటికి పోనీయని పొర, మన దేశమున బయటి వేడిని లోపలికి రానీయదు. అచ్చట ప్రభుత్వము చేసిన సాయమే ఇచ్చటను చేయదగినది. చేసినదా లేదా యన్నదే ప్రశ్న.

కొల్లేరు కృష్ణా గోదావరీ మండలముల నడుమ నున్న పల్లపుభూమి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన వాగులు దీనిలో బడును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. సరస్సుగర్భమునను అంచులను లంకగ్రామములు గలవు. చేపలు పట్టి జీవించు వడ్డీలును, వ్యవసాయపు కూలీలును వీనియందు విశేషముగా నివసించుచున్నారు. కైకలూరు చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లాలో చేరినది. ఇచ్చటి వేసవిలో ఎండ నలుబది డిగ్రీలు దాటుట పరిపాటి. దానికితోడు నీటిపట్టగుటచే గాలిలో తేమ మెండు. తేమగాలిలో చెమట యారదు. చెమట యారనిదే దేహము చల్లబడదు. అందుచేత పొడినేలల యెండకంటె ఈ ప్రాంతపు ఉక్క దుర్భరమైనది.

మన పూర్వులు ఈ సంగతి నెరిగియే యిండ్లు కట్టుకొనిరి. లంకలలో దొరకు జమ్ము, కిక్కిస, గట్టుమీది తాటిచెట్టు ఆకు, చెరువుమట్టి, ఇవియే వారి సామగ్రి. దళసరి మట్టిగోడ పగటివేడిని మెల్లమెల్లగా మాత్రమే పీల్చుకొనును. తాటాకుకప్పులో ఆకుకును ఆకుకును నడుమ గాలి చిక్కుకొనియుండును. నిలిచిన గాలి వేడిని సులభముగా దాటనీయదు. ఇంగ్లండువారు అటకలలో పరచు దూదివంటి పొర చేయుపనియు నిదియే. చూరు క్రిందికి వంగి గోడమీద నెండ బడకుండ కాచును. పంచ వడగాడ్పు నాపును. కొంచెము కలిగినవారు పెంకుటిండ్లు వేసికొనిరి. 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు యంత్రపు పెంకులు చేయనారంభించిన పిమ్మట, ఆ జాతి పెంకులు దక్షిణదేశమంతటను వ్యాపించినవి. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. మిద్దెలు గట్టినవారు సయితము దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నముతో కూర్చి, దళసరి కప్పు వేయించిరి.

ఇట్లని పూరిపాకను స్వర్గమని పొగడువారితో మేము చేరము. దాని దోషములు ప్రాణాంతకములు. వేసవిలో ఒక నిప్పురవ్వ చాలును, పేట యంతయు బూడిదయగును. సంవత్సరమంతయు చెమటోడ్చి కూర్చుకొన్న గింజలును, పిల్లదాని పెండ్లికని దాచిన చీరయును, రుణపత్రములును ఒక్క గడియలో నశించును. వరదకు మట్టిగోడ నాని కూలును. గాలివానకు కప్పెగిరిపోవును. రెండేండ్లకో మూడేండ్లకో ఆకు మార్చవలసియుండుటచే, అప్పుచేయని కూలివాడు లేడు. 1864 నవంబరు 1వ తేదీనాటి మచిలీపట్టణపు ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. నూటపదమూడేండ్ల పిమ్మట, 1977 నవంబరు 19న దివిసీమ నట్టి యుప్పెనయే ముంచివేసి పదివేలకు పైగా జనులను బలిగొనెను. ఆనాడు కైకలూరును దివిసీమయు ఒక్క జిల్లాలోనివే. గట్టి కప్పున్నచోట బ్రతుకుట కాశ కలిగినది. పాకలున్నచోట పేటలకు పేటలే కొట్టుకొనిపోయినవి.

బీదవాని యింటివిషయమున ప్రభుత్వము కలుగజేసికొనుట ఇంతకు బూర్వమే మొదలైనది. 1919 ప్రాంతమున చెన్నపురి ప్రభుత్వము అంటరానివారనబడిన వారి క్షేమమునకై ఒక యధికారిని నియమించి, పిమ్మట లేబరు శాఖ నేర్పరచెను. వారికి ఇండ్లస్థలములు సేకరించి యిచ్చుట ఆ శాఖ చేసిన ముఖ్యకార్యములలో నొకటి. ఇల్లు గట్టుకొనుటకు ముందు, లెమ్మనువారు లేని చోటు కావలెను గదా. భూస్వామి స్థలములో పాకవేసికొన్నవాడు భూస్వామి మాట కెదురాడజాలడు. కనుక స్థలమిచ్చుట యనునది కేవలము దానము గాదు, దాస్యవిమోచనము.

స్థలమునుండి కప్పువరకు వచ్చుటకు మరియొక యరువదియేండ్లు పట్టినది. దివిసీమ ప్రళయము తరువాత, 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ స్థాపింపబడెను. 1983లో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము, కిలో రెండురూపాయల బియ్యముతోపాటు బలహీనవర్గముల పక్కాయిండ్లను గూడ ప్రధానకార్యక్రమముగా గైకొనెను. కేంద్రప్రభుత్వము 1985లో ఇందిరా ఆవాస యోజన నారంభించెను. 1996లో అది స్వతంత్ర పథకమయ్యెను. 2006లో రాష్ట్రమున ఇందిరమ్మ కార్యక్రమము వచ్చినది. 2016లో ఆవాసయోజన ప్రధానమంత్రి పేరిట మారి, మైదానప్రాంతములందు ఇంటికి 1,20,000 రూపాయల సాయము, కనీసము 25 చదరపు మీటరుల వైశాల్యము నిర్ణయింపబడెను. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ముప్పదిలక్షల ఇండ్లస్థలపు పట్టాల పంపిణీకి ప్రారంభము చేసెను. పార్టీలు మారినవి, పేర్లు మారినవి. పని మాత్ర మాగలేదు. నలుబదియేండ్ల నాటి పాకలపేటలు నేడు డాబాలపేటలైనవన్న, ఇది మన రాష్ట్రము గర్వింపదగిన విషయము. దీనిని తక్కువచేసి చెప్పుట కృతఘ్నత యగును.

ఐనను, ఒక్కమారు వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నపువేళ ఈ పేటలలో నడచి చూడుడు. క్రొత్తడాబాలో ఎవ్వరును లేరు. ముసలివారు వేపచెట్టుక్రింద నున్నారు. పసిబిడ్డ ఉయ్యాల చెట్టుకొమ్మకు వ్రేలాడుచున్నది. డాబాముందు తాటాకుతో నొక పందిరి వేసికొని, ఇల్లాలు దానిక్రింద వండుచున్నది. కొందరు కప్పుపై గడ్డి పరచి నీళ్లు చల్లుచున్నారు. తాము విడిచివచ్చిన పాకనే వారు మరల వాకిట గట్టుకొనిరి! నాలుగైదంగుళముల కాంక్రీటుకప్పు పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆ వేడిని లోపలికి గ్రుమ్మరించును. అర్ధరాత్రివరకు గది చల్లారదు. కప్పునకు డబ్బు చాలక రేకులు వేసికొన్నవారి స్థితి ఇంకను దీనము. రేకు ఎండ తగిలిన తక్షణమే కాగును.

ఈ బాధ అందరికి సమానముగా లేదు. మగవాడు పనికిబోవును; బడియీడు పిల్లలు బడికి బోవుదురు. ఇంటనే యుండవలసినవారు వృద్ధులు, రోగులు, గర్భిణులు, బాలింతలు, పసికందులు. వేడికి మొదట లోబడువారును వీరే. 2015 మేనెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ యన్న పొలములోను బాటమీదను తగులునదే యని మన మనుకొందుము. గాలియాడని గదిలో, మంచముమీదనే, రాత్రివేళ సయితము అది తగులును. ఉప్పెనవలె అది పేటల నూడ్చికొనిపోదు గనుక, దానిని లెక్కించువారు తక్కువ.

ఇంటిలోపలి సౌఖ్యమును జూచుట ప్రభుత్వము పని గాదని కొందరు చెప్పుదురు. ఈ వాదమును ప్రభుత్వమే ఖండించినది. ఇందిరా ఆవాస యోజన నిబంధనలు ఇంటితోపాటు మరుగుదొడ్డియు, పొగలేని పొయ్యియు నుండవలెనని చెప్పినవి. 1999 జూలైలో మన రాష్ట్రమున దీపము పథకము మహిళాసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను లిచ్చుటకు పుట్టెను. 2016 మేనెలలో ఉజ్జ్వల పథకము దేశమంతటను ఆ పనికి పూనుకొనెను. తడిసిన పిడకలతోను జమ్ముకట్టతోను వంటచేసి, పొగకు కన్నులు పోగొట్టుకొన్న తల్లుల దుఃఖము ప్రభుత్వమునకు వినబడినదన్నమాట. పొయ్యివరకు చూచిన కన్ను కప్పువరకు ఏల చూడరాదు?

పొరుగున తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లనికప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటరుల కప్పును ఎండను త్రిప్పికొట్టు పూతలతోనో పలకలతోనో చల్లబరుపవలెనని సంకల్పించెను. ప్రభుత్వభవనములకును, వ్యాపారభవనములకును, ఆరువందల చదరపు గజములును అంతకుమించియు గల స్థలములలోని క్రొత్త నివాసములకును ఇది విధి. అంతకంటె చిన్నవానికి ఐచ్ఛికము. ఆలోచన శ్లాఘ్యమే. కాని రెండుసెంట్ల స్థలములో రేకులయిల్లు గలవాడు తనంతట తాను కప్పుకు పూత వేయించుకొనునా? అతనికి కావలసినది విధియు గాదు, ఐచ్ఛికమును గాదు, చేయూత.

కావున మా సూచన లివి. గృహసాయపు అంచనాలో పునాదికి, గోడలకు, కప్పునకు లెక్క యున్నట్లే, వేడి నాపుటకును ఒక పద్దుండవలెను. ఇది మిక్కిలి ఖర్చుతో కూడినది గాదు. డాబాపై తెల్లసున్నపు పూత, ఏటేట వేసవిముందు, పైనో క్రిందనో పెంకులపొర, రేకుల క్రింద తాటాకుచాప గాక నిప్పంటని పొర, గాలివచ్చుటకును పోవుటకును ఎదురెదురు కిటికీలు, పడమటిగోడకు పంచ, పేటకు చెట్లు. ఇదివర కిండ్లు పొందినవారికిని ఈ సాయము కలుగవలెను, ఏలయన 1983 మొదలు కట్టిన లక్షలాది యిండ్లను విడిచి క్రొత్తవానినే చల్లబరుపుట న్యాయము గాదు. వృద్ధులు, ఒంటరిస్త్రీలు, రోగులు గల యిండ్లు మొదట రావలెను.

ఇందొక చిక్కు గలదు. ఇంటిస్థలమునకు పట్టాయే గృహసాయమునకు మొదటిమెట్టు. 1999లో కొల్లేటిని అయిదవ కాంటూరువరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల పట్టికలో రామ్సార్ ఒడంబడికక్రింద చేరెను. సరస్సును కాపాడుట అవశ్యము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి లంకలదారులను ముంచినప్పుడు, నీటికి చోటీయనివారి కది చోటు తీసికొనునని మరల తెలిసినది. కాని తరతరములుగా ఆ లంకలమీద నివసించువాని కప్పును చల్లబరుపుట సరస్సునకు హాని గాదు. క్రొత్తగోడ కట్టనక్కరలేని ఈ సాయమునకు పట్టా చూపుమనుట పనిలేని పట్టుదల. అద్దెకున్నవానికిని ఇట్లే అందవలెను.

మనదేశమున సంస్కార మనగా గొప్ప సభలును తీర్మానములును అని తలచువారు గలరు. సున్నపుకుండెతో ఒకడు నిచ్చెన యెక్కి, ముసలమ్మ పండుకొను గదిపై తెల్లపూత వేయుటయు సంస్కారమే. పాకనుండి డాబాకు దెచ్చిన ప్రభుత్వము సగము దారి వచ్చినది. ఆ డాబాలో మధ్యాహ్నమున పసిబిడ్డ నిదురించుననాడు తక్కినసగము పూర్తియగును. అంతవరకు కట్టిన యిండ్ల లెక్క చూచి తృప్తిపడుటకు మన కధికారము లేదని మా యభిప్రాయము.