అతుకుల బొంత



పొందిక లేని కావ్యమును గాని, నాలుగు పక్షములు కూడియు నిలుపలేని మంత్రివర్గమును గాని నిందింపవలసినప్పుడు మనవారు ‘అతుకుల బొంత’ యని తేల్చివేయుదురు. ఇది బొంత నెఱుగనివారి తీర్పు. ముక్కలను కొలతకు కత్తిరించి, రంగునకు రంగు చూచుకొని, పొరలు చెదరకుండ కుట్టిన వస్తువునకు పొందిక లేదనుట యెట్లు?

సంస్కృతమున కంథ యనబడు ఈ వస్తువు చరిత్రను చెప్పుట సులభము కాదు. రాతిశాసనము నిలుచును, రాగిరేకు నిలుచును. బొంత మాత్రము చినుగువఱకు వాడబడును, చినిగిన పిదప మఱియొక బొంత కడుపులోనికి పోవును. కావున గ్రంథములే మనకు శరణ్యము.

వినయపిటకములోని మహావగ్గమున దీనికి సంబంధించిన రసవత్తరమైన ప్రకరణ మున్నది. తొలుదొల్త బౌద్ధభిక్షువులు చెత్తకుప్పలలోను శ్మశానములలోను పారవేసిన పాతల నేఱుకొని, ఉతికి, కుట్టుకొని ధరించెడివారు. వానికి పాంసుకూలములని పేరు. జీవకుడను వైద్యుడు మేలైన వస్త్రములను బుద్ధునకు సమర్పించి వేడుకొనిన పిదప, గృహస్థులిచ్చు వస్త్రములకును అనుమతి లభించెను. అయినను చీవరమును ముక్కలుగా కోసి తిరిగి కుట్టవలెనని నియమ మేర్పడినది. ఎట్లు కుట్టవలె ననుటకు మాదిరి పొలములలో దొరికినది. దక్షిణగిరికి పోవుచు బుద్ధుడు మగధదేశపు మళ్లను, గట్లను, గట్లు కలిసెడి కూడళ్లను చూచి, చీవరము నిట్లు కూర్పగలవా యని ఆనందు నడిగెను. ఆనందుడు కూర్చెను, గురువు మెచ్చుకొనెను. ముక్కలైన బట్టను శత్రువు లాశింపరనుటయు ఆ గ్రంథమున చెప్పిన కారణమే. మన కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండ విహారములలో మెలగిన భిక్షువులకును చీవరమనగా ఇట్టి అతుకుల వస్త్రమే.

ఈ సంప్రదాయము చీనాకును పోయెను. 1907లో ఆరెల్ స్టెయిన్ అను పండితుడు ఎడారి యంచున నున్న దున్‌హువాంగ్ గుహలనుండి తెచ్చినవానిలో పట్టుముక్కలతో కూర్చిన వస్త్రమొకటి కలదు. అది 8, 9 శతాబ్దులనాటిది. లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చేరినది. గాలి పొడిగా నుండుటచేతను, గుహ తొమ్మిది వందల యేండ్లు మూయబడి యుండుటచేతను అది మిగిలినది. కుట్టినవారి పేర్లు మిగులలేదు.

ఇక మన యిండ్లకు వత్తము. పంచె, చీర, ఉత్తరీయము మగ్గమునుండి దిగినవి దిగినట్లు కట్టుకొనునవి. కత్తెర పడనిచోట ముక్కలెక్కడివి? కావున మన పూర్వపు బొంతలు చాలవఱకు అరిగిన చీరలను పొరలుగా పఱచి కుట్టినవని నా యూహ. వంగదేశపు కాంథా అట్టిదే. పాతచీర యంచునుండి లాగిన రంగుపోగులతోనే దానిపై తామరలను, ఏనుగులను కుట్టెడివారు. 1929లో జసీముద్దీను దానిపేర కావ్యమే వ్రాసెను.

రంగురంగుల ముక్కల బొంత ప్రబలుట, రవికెలు, చొక్కాలు, పరికిణీలు కుట్టించుకొను అలవాటు ప్రబలిన తరువాతి మాట యని తోచును. 1851లో అమెరికాలో సింగరు పేటెంటు పొందిన కుట్టుయంత్రము మన అంగళ్లకు చేరిన పిదప దర్జీ కాళ్లకడ ముక్కల కుప్ప పెరిగెను. పురుషులు దానిని చెత్త యనిరి. స్త్రీలు మూటగట్టి యింటికి తెచ్చుకొనిరి.

అడుగున పాతపంచె, నడుమ నలిగిన చీరలు, పైన ముక్కలు. నేలపై బిగువుగా పఱచి, ఇద్దరు ముగ్గురు చుట్టును గూర్చుండి కుట్టుదురు. కుట్టు సాదాకుట్టే, కాని వరుసలు దగ్గఱగా రావలెను. లేనిచో ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దకట్టును. ముదురురంగు ప్రక్క లేతరంగు నుంచుట, ఎఱుపు ఒకేచోట గుమిగూడకుండ నలుమూలలకు పంచుట, వీనికి లక్షణగ్రంథము లేదు. ఛందస్సు బోధించి బ్రదికినవాడను గనుక చెప్పుచున్నాను: యతి యెచ్చట పడవలెనో ఆ చేతులకు తెలియును. అక్షరము రానివారును ఆ పని చేసిరి. నూలుబట్ట అరిగినకొలది మెత్తబడును గనుక పసిబిడ్డల పక్కకు క్రొత్తదుప్పటికంటె పాతబొంతయే మేలని వారెఱుగుదురు.

ఇప్పుడు పాతచీరలు స్టీలుగిన్నెలకు మారుచున్నవి. పాలిస్టరు చీరలు హెచ్చినవి. అవి చెమట పీల్చవు, ఎంత వాడినను నూలువలె మెత్తబడవు. ఇంట పాతబొంత యున్నవారు, ఏ ముక్క యెవరి చీరదో, ఏ పెండ్లినాటి రవికెదో చెప్పగల వృద్ధురాలు ఉండగనే అడిగి వ్రాసికొనవలెను. అట్టి వ్రాతలేమియే నాకీ ప్రసంగమున పెద్ద కొఱత. క్రొత్తగా కుట్టదలచినవారు నూలుముక్కలనే యేఱుకొని, ముందుగా ఉతికి ఆరవేయుదురు గాక. రంగు దిగునదియు, కుదించుకొనునదియు అప్పుడే తెలిసిపోవును.