నిజామియా వేధశాల

హైదరాబాద్‌లోని ఈ ఖగోళ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే అయినా, వయసులో విశ్వవిద్యాలయం కన్నా పెద్దది. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని సొంత ఖర్చుతో కొని, 1901లో ఫిసల్‌బండలో దీనికి అంకురార్పణ చేశాడు. ఆయన 1907లో మరణించాక, మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దీన్ని స్వాధీనం చేసుకుంది. తొలి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా చేతికి వచ్చింది.

గ్రబ్ దూరదర్శినిని నిలబెట్టేసరికి 1922 వచ్చింది. వేధశాలకు పేరు తెచ్చింది మాత్రం అంతకన్నా చిన్నదైన 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఆకాశాన్ని ఫొటో తీసే దూరదర్శిని. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక కట్టాలని 1887లో పారిస్‌లో అంతర్జాతీయ సమావేశం తీర్మానించింది. ఒక్కో వేధశాలకు ఒక్కో ఆకాశపు పట్టీ. చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ 17-23 డిగ్రీల పట్టీ చివరికి హైదరాబాద్‌కు దక్కింది. ఫొటో తీసిన గాజు పలక మీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు ఉంటాయి; ఒక్కో చుక్క ఏ గడిలో ఎక్కడుందో సూక్ష్మదర్శినితో చూసి కొలిచి రాసుకోవాలి. చాట్‌వుడ్ తరువాతి డైరెక్టరు రాబర్ట్ పోకాక్, ఆయన తరువాత 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. అది ముగిశాక జర్మనీలోని పాట్స్‌డామ్ వంతులో ఉత్తర 36-39 డిగ్రీల పట్టీని కూడా కొలిచి ఇచ్చారు. మొత్తం 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. దేశంలో మరే వేధశాలా ఇంతటి ఓపిక పని చేయలేదనవచ్చు. ఆ కొలతలు వృథా పోలేదు: 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికలో నక్షత్రాల కదలికలను లెక్కించడానికి ఈ పాత స్థానాలు కూడా ఆధారమయ్యాయి.

ఇక్కడ పనిచేసిన మనాలి బప్పు కుమారుడే ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు. దూరదర్శినుల మీద మక్కువ ఆయనకు ఈ ఆవరణలోనే అబ్బింది.

నగర దీపాలు పెరిగి బేగంపేట నుంచి ఆకాశాన్ని చూడడం కష్టం కావడంతో, భాస్కరన్ తరువాతి డైరెక్టరు అక్బర్ అలీ పూనికతో 48 అంగుళాల దర్పణ దూరదర్శినిని తెప్పించారు. రంగారెడ్డి జిల్లా జాపాల్-రంగాపూర్‌లో 1968లో నెలకొన్నప్పుడు దేశంలో అదే పెద్దది. ఖగోళ శాస్త్రవేత్త కె.డి. అభ్యంకర్ బృందం దానితో గ్రహణ జంట తారలను, అంటే ఒకదానికొకటి అడ్డొచ్చే జంట నక్షత్రాలను అధ్యయనం చేసింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా జాపాల్-రంగాపూర్ మీదుగానే సాగింది.

బేగంపేటలోని పాత కట్టడాలు నేడు సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ ఆవరణలో శిథిలమవుతున్నాయి. వాటిని కాపాడుకోవలసిన బాధ్యత మనది.